కదలని డోలి చప్పుడు

పుల్లమ్మ నడుముకు ఎప్పుడూ ఒక తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. అది ఆమె ఇంటిది కాదు. తన ఇంటికి తాళం వేసే అలవాటు ఆమెకు లేదు. అది రేగులగుంపు ప్రార్థన మందిరం తాళంచెవి.

భద్రాచలం అడవి మొదలయ్యే చోట, తుమ్మలవాగు వంపు తిరిగే దగ్గర ఉంటుంది రేగులగుంపు. రోడ్డు వైపు మెరక మీద మా క్రైస్తవ కుటుంబాలు, వాగు వైపు పల్లంలో కోయ కుటుంబాలు. ఊరంతటికీ స్లాబు వేసిన కట్టడం మందిరం ఒక్కటే. దాన్ని ఊడ్చేది, చాపలు దులిపేది, ఆదివారం గంట కొట్టేది పుల్లమ్మే. ఎవరూ అప్పగించిన పని కాదు. వేంసూరు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకరోజు చీపురు పట్టింది, ఇక వదల్లేదు. భర్త మందిరంలో డోలక్ వాయించేవాడు. ఆయన పోయాక ఆ డోలక్ కూడా ఆమె ఒళ్ళోకే వచ్చింది.

కూలికి పోయినప్పుడు ఆమె పక్క సాలులో పత్తి ఏరినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఎవరైనా బాలింతో, జ్వరపడి లేచిన మనిషో వెనకబడితే, వాళ్ళ సాలులో నాలుగు చెట్లు తనే ఏరేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది. అడిగితే, “నా కండ్లు సరిగ్గ కనపడతలేవు, ఏ సాలో ఏందో” అంటుంది.

పల్లంలో వాగుకు అందరికంటే దగ్గరగా ఉన్నది సీతయ్య ఇల్లు. వాళ్ళ వంశం వేల్పును కాపాడే పెద్ద ఆయనే. పసుపు గుడ్డలో చుట్టిన వేల్పు ఒక వెదురు బుట్టలో ఉంటుంది. ఆ బుట్ట ఇంటి పక్కనున్న తాటాకు గుడిసెలో దూలానికి వేలాడుతుంది. దాన్ని నేల మీద పెట్టరు. దాని పైన మనిషి అడుగు పడనివ్వరు. వీటికంటే గట్టి కట్టడి ఇంకొకటి ఉంది. వేల్పు చోటు కదిలిందంటే డోలి, అంటే మెడలో వేసుకుని కొట్టే పెద్ద డోలు, మోగాలి. మళ్ళీ ఎక్కడో ఒకచోట కుదురుకునేదాకా ఆ మోత ఆగకూడదు. మోసేది సీతయ్య. వాయించేది మాత్రం వేరే వంశం మనిషి అయి ఉండాలి. మోసే ఇంటివాళ్ళు వాయిస్తే వేల్పు కదలదని వాళ్ళ నమ్మకం. తరతరాలుగా ఆ పని కన్నయ్య ఇంటివాళ్ళది.

పుల్లమ్మ భర్తను పాము కరిచిన రోజు, వాగు దాటించి రోడ్డు దాకా భుజం మీద మోసుకుపోయింది సీతయ్యే. మనిషి దక్కలేదు. కానీ ఆ తరువాత సీతయ్య వాకిటి ముందు నుంచి పోయేటప్పుడు, “అన్నం తిన్నవా అన్నా?” అని అడగకుండా పుల్లమ్మ ఎన్నడూ దాటిపోలేదు.

క్రైస్తవ సంఘం పెద్ద సవరయ్యకూ సీతయ్యకూ మాత్రం మందిరం మైకు దగ్గర ఎప్పుడూ వాదులాటే.

“నీ మైకు మోతకు మా వేల్పుకు నిద్ర పడతలేదయ్యా” అనేవాడు సీతయ్య.

“ఏడాదికొక్కపాలి లేసే వేల్పుకు గంత నిద్రెందుకు? లేపుతున్న, పుణ్యం ఉంటది” అనేవాడు సవరయ్య.

ఆ ఏడు వరి కంకులు బరువెక్కి వంగిన రోజుల్లో బంగాళాఖాతంలో తుఫాను లేచింది. తీరం దాటాక బలం తగ్గుతుందని ఫోన్లలో చెప్పారు. గాలి తగ్గింది నిజమే. వాన తగ్గలేదు. రాత్రంతా కుండపోతగా కురిసి, తెల్లవారినా చీకటి విడవలేదు. పొద్దెక్కేసరికి తుమ్మలవాగు చప్టా మునిగింది. అటువైపు రోడ్డు కూడా తెగిందని, పడవ రావడానికి సాయంత్రం దాటవచ్చని, పల్లంలో ఎవరూ ఉండవద్దని పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేసి చెప్పాడు.

పుల్లమ్మ మందిరం తలుపులు బార్లా తీసింది. చాపలు పరిచింది. విందులకు వాడే పెద్ద గిన్నెను పొయ్యి మీదికి ఎక్కించింది. పల్లంలోని కోయ కుటుంబాలు మూటలతో, కోళ్ళతో, పిల్లలతో గుమ్మం దాకా వచ్చి ఆగాయి. మందిరంలో అడుగు పెట్టాలా వద్దా అని మొహమాటం. ఆమె ఎవరినీ రమ్మని పిలవలేదు. ఒక పసిబిడ్డను తల్లి చేతుల్లోంచి అందుకుని, “వీడు వణుకుతున్నడు, పొయ్యికాడ కూసోబెడతా” అంటూ లోపలికి నడిచింది. తల్లి వెంట వచ్చింది. తల్లి వెంట అందరూ వచ్చారు.

సీతయ్య కోడలు దుర్గ ఇద్దరు పిల్లలతో వచ్చింది.

“మామ ఏడి?” అడిగింది పుల్లమ్మ.

“గొడ్లను మెట్టకు తోలి వస్తనన్నడు పెద్దమ్మా. నన్ను ముందు పొమ్మన్నడు.”

దుర్గ భర్త రాజేష్, డోలి కన్నయ్య, ఇద్దరూ పామాయిల్ గెలలు కోసే పనికి సత్తుపల్లి పోయి ఉన్నారు. ముసలాయన ఒక్కడే ఉన్నాడు కదా అని పుల్లమ్మ పల్లం వైపే చూస్తూ బియ్యం కడుగుతోంది. నీళ్ళు కనిపిస్తున్నాయి. సాయంత్రం వాకిలి అలికినట్టు నెమ్మదిగా, ఎక్కడా తొందర లేకుండా, పొలాలను ఒక్కొక్కటే తమలో కలుపుకుంటున్నాయి.

అప్పుడు డోలి మోగింది.

వాన హోరులోంచి లీలగా, కానీ స్పష్టంగా. మందిరంలో కూర్చున్న కోయ పెద్దల ముఖాలు ఒక్కసారిగా వెలిగాయి. ఒక ముసలామె చేతులు జోడించింది.

“కన్నయ్య వచ్చినట్టున్నడు. వేల్పును లేవట్టిండ్రు. మెట్టగుంపుకు పోతున్నరు” అన్నాడు ఒకాయన.

మెట్టగుంపు గుట్ట మీద పల్లె. అక్కడికి నీళ్ళు ఎక్కవు. దుర్గ గుండెల మీద చెయ్యి వేసుకుని, “అమ్మయ్య” అంటూ గోడకు ఆనుకుని కూర్చుంది. డోలి మోగిందంటే వేల్పు కదిలినట్టు, వేల్పు కదిలిందంటే సీతయ్య కదిలినట్టు. అందరూ అదే అనుకున్నారు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళెవరికైనా ఇంకో ఆలోచన రాదు.

పుల్లమ్మ అన్నం వార్చింది. పప్పు తాలింపు పెట్టింది. డోలి మోగుతూనే ఉంది. పిల్లలకు వడ్డించింది. మోగుతూనే ఉంది. గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఏమాయె పుల్లమ్మా?” అన్నాడు సవరయ్య.

“చప్పుడు కదుల్తలేదు బావా.”

“అంటే?”

“గుట్టకు పోయేటోళ్ళయితే చప్పుడు దూరం పోవాలె గదా. ఇందాకటి నుంచి ఉన్నకాడనే ఉన్నది.”

“గాలి ఎటు కొడితే అటు ఇనపడతది. నువ్వు అన్నం సూడు.”

ఆమె దుర్గ వైపు తిరిగింది. “బిడ్డా, కన్నయ్య వచ్చిండని నీకెవరు చెప్పిండ్రు?”

“ఎవరూ చెప్పలే పెద్దమ్మా. డోలి మోగుతుంది గదా...” దుర్గ మాట మధ్యలో ఆగిపోయింది. “పొద్దున రాజేష్ ఫోన్ చేసిండు. బస్సులు బందయినయంట. ఇద్దరం ఈడనే ఉన్నం, రాలేమన్నడు.”

ఇప్పుడు అందరూ విన్నారు. డోలి ఒకేచోట మోగుతోంది. పల్లంలో, వాగు పక్కన.

కన్నయ్య లేడు. అంటే వాయిస్తున్నది సీతయ్యే. తను వాయిస్తే వేల్పు కదలదు. వేల్పు కదలకపోతే ఆయన కదలడు.

ట్రాక్టర్ ఉన్నది వీరబాబు ఒక్కడికే. పెళ్ళయి ఏడాది కాలేదు. అతని భార్య ప్రమీల అతని చొక్కా అంచు పట్టుకుంది. అతను ఆమె వైపు చూడకుండానే, “ఇంజన్ల నీళ్ళు దూరకముందే రావాలె. జల్దీ” అన్నాడు.

పుల్లమ్మ కొంగు నడుముకు బిగించింది.

“నువ్వెందుకు? ఇంతమందికి వడ్డించేదెవరు?” అన్నాడు సవరయ్య.

“గరిటె నీ చేతిల పెడుతున్న గద బావా.” నిజంగానే పెట్టింది. “వీరబాబు చెప్తే ఆయన రాడు. నేను అడుగుతే కాదనడు.”

ట్రాక్టర్ పల్లం దారిలో దిగింది. పెద్ద చక్రాలు సగం మునిగాయి. ఇంటి సందు మొదట్లోనే వీరబాబు బండి ఆపేశాడు. అంతకు మించి పోతే మెత్తని మట్టిలో దిగబడుతుంది. తాడు ఒక కొసను ట్రాక్టర్ వెనకున్న ట్రక్కుకు కట్టాడు, మధ్యలో తన నడుముకు చుట్టుకున్నాడు, రెండో కొసను పుల్లమ్మ నడుముకు ముడివేశాడు. “పెద్దమ్మా, నేను పెట్టిన కాడనే అడుగు పెట్టు” అన్నాడు. నీళ్ళు ఆమెకు నడుము దాకా వచ్చాయి. చల్లగా, ఎర్రగా, ఆగకుండా లాగుతున్నాయి. ఎవరిదో కోళ్ళ గంప తేలుతూ పోయింది.

సీతయ్య ఇంటి అరుగు మునిగింది. పక్క గుడిసెలో ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మెడలో డోలితో వాయిస్తున్నాడు. తోలు తడిసిపోకుండా యూరియా సంచి కప్పాడు. తల మీద దూలానికి బుట్ట వేలాడుతోంది. వాళ్ళను చూసి చేతులు ఆపాడు. ఆ ఆగడంతో వాన హోరు పెద్దదైనట్టనిపించింది.

“వచ్చిండ్రా. డోలి మోగితే ఎవరో ఒకరు వస్తరనుకున్న. గింత ఆలస్యమేంది?”

“నువ్వు గుట్టకు పోతున్నవనుకున్నరు అన్నా, అందరు. నడువు.”

“ఎట్ల నడువాలె? నేను మోస్తే కొట్టేదెవరు? నేను కొడితే మోసేదెవరు?” నవ్వబోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. “మా నాయన నా చేతుల పెట్టి పోయిండు పుల్లమ్మా. నీళ్ళకు ఇడిసిపెట్టి నా పానం నేను కాపాడుకున్నననుకో, రేపు ఎవరి ముఖం సూడాలె?”

వీరబాబు గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. తడిసిన మట్టి గోడ మెత్తగా లోపలికి పోయింది. అతను పుల్లమ్మ వైపు చూశాడు.

“వీరబాబు కొడితే?” అంది ఆమె.

“వాడు ముందు తొవ్వ సూడాలె. తాడు పట్టాలె.”

సీతయ్య ఒక్క క్షణం ఆమె చేతుల వైపు చూశాడు. మందిరంలో ఆ చేతులు వాయించే డోలక్‌ను ఎన్నో ఆదివారాలు పల్లంలో కూర్చుని విన్నవాడే.

“ఆడమనిషి కొట్టంగ నేనెప్పుడు సూడలే” అన్నాడు నెమ్మదిగా. “కొట్టొద్దని గూడ ఎవరు చెప్పలే. కానీ నీకు తప్పయితదేమో. మీ దేవునికి కోపం రావొద్దు. నీకిష్టం లేకుంటే అడగ.”

పుల్లమ్మకు అది చిన్న మాట కాదు. రోజూ పొద్దున్నే ఒక్క దేవుని ముందు మోకరించే మనిషి. రేపు సంఘంలో ఏమంటారో కూడా మనసులో మెదిలింది. కళ్ళు మూసుకుంది. ప్రభువా, చెయ్యి నీవిచ్చిందే. మనిషిని దాటించు, మిగతాది నువ్వే చూసుకో, అని మాత్రం అనుకుంది. తల వంచి డోలి పట్టెడను మెడలో వేయించుకుంది. డోలక్ దీని ముందు పసిపిల్ల. మెడ నరాలు లాగాయి.

“కుదురుకునేదాక ఆపొద్దు. ఒక్క చెయ్యన్నా ఆడాలె” అని చెప్పి, సీతయ్య చేతులు వాన నీటిలో పట్టి కడుక్కుని, బుట్టను దించి తల మీద పెట్టుకున్నాడు.

ఆమె వాయించడం మొదలుపెట్టింది.

ముందు తాడుతో వీరబాబు, నడుమ బుట్టతో సీతయ్య, వెనుక డోలితో పుల్లమ్మ. ఆమెకు పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నడుముకున్న తాడే ఆధారం. గుడిసె దాటి సందులోకి వచ్చేసరికి వాగు పాయ ఒకటి అడ్డంగా దూసుకొచ్చింది. వీరబాబు దాటాడు. సీతయ్య తూలి, బుట్టను రెండు చేతులా బిగించి, దాటాడు. పుల్లమ్మ కాలి కింద మట్టి జారింది.

ఒక్కసారిగా మెడ దాకా నీళ్ళు. తాడు నడుమును కోసింది. ఏదో కంప వచ్చి భుజానికి గుచ్చుకుంది. ఎడమ చేత్తో దాన్ని తోసేసింది. కుడి చెయ్యి మాత్రం ఆగలేదు. డోలి బోలు కర్ర కదా, అది పైకి తేలి ఆమె గడ్డం కింద దిండులా నిలిచింది. దాని మీదే వాలి, దాని మీదే కొడుతూ ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూసే వీలు లేని సీతయ్య అరుస్తున్నాడు.

“పుల్లమ్మా! ఉన్నవా?”

జవాబుగా డోలి మోగింది.

“ఉన్నది. ఉన్నది” అనుకుంటూ వీరబాబు తాడు లాగాడు. సందు గోడ ఏదో కూలిన చప్పుడు వెనుక వినిపించింది. ముగ్గురిలో ఎవరూ తిరిగి చూడలేదు.

ట్రక్కు ఎక్కాక కూడా ఆమె కొడుతూనే ఉంది. ఇంజన్ రెండుసార్లు గొణిగి, మూడోసారి అందుకుంది. మెరక ఎక్కుతుంటే మందిరం వసారాలో అందరూ నిలబడి కనిపించారు. నీళ్ళు మొదటి మెట్టును తాకుతున్నాయి. డోలి తమ వైపే వస్తోంది. కొట్టేది పుల్లమ్మ. కొందరి చూపులు ఆమె మీద, కొందరి చూపులు సవరయ్య మీద.

సీతయ్య ట్రక్కు దిగి వాకిట్లో ఆగాడు. “లోపలికి తేను సవరయ్యా. మీ చోటు మీది. నా వేల్పు మీద ఎవరి అడుగు పడొద్దు. అందుకే అడుగుతున్న, పైన స్లాబు మీద...” చలికి ఆయన మాట సాగలేదు.

సవరయ్య చేతిలో గరిటె ఇంకా ఉంది. పుల్లమ్మ చేతులు నొప్పితో కొంకర్లు పోతున్నాయి. దెబ్బ దెబ్బకు మధ్య ఎడం పెరుగుతోంది. ఆయన ఆమె చేతుల వైపే చూశాడు.

“ఇంకా ఏం అడుగుతవ్? ఆ మనిషి చేతులు పడిపోయేటట్టున్నయి. ఎక్కు ముందు” అన్నాడు. గరిటె ప్రమీలకిచ్చి, ధాన్యం మీద కప్పే తాటిపత్రి పట్టా చుట్ట చంకన పెట్టుకుని తనే ముందు మెట్లెక్కాడు.

స్లాబు మీద అన్నిటికన్నా ఎత్తైనది గంట వేలాడే ఇనుప చట్రం. బుట్టను కట్టడానికి అదొక్కటే చోటు. సీతయ్య మొహమాటపడ్డాడు. గాలికి గంట ఊగి బుట్టకు తగిలేలా ఉంది. సవరయ్య తన తలగుడ్డ విప్పి, గంట నాలుకకు చుట్టి, చట్రానికి బిగించి కట్టాడు. “ఇగ పెట్టు” అన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ కలిసి బుట్టను కట్టారు, తాటిపత్రి కప్పారు.

“కుదిరింది” అన్నాడు సీతయ్య.

పుల్లమ్మ చేతులు ఆగాయి. ఆమె అక్కడే కూలబడింది. దుర్గ పరుగున వచ్చి ఆమె మెడలోంచి డోలి తీసింది. మెడ మీద పట్టెడ ఒరుసుకున్న చోట నెత్తురు ఊరింది. పొద్దు గుంకే వేళకు పల్లంలో సీతయ్య ఇంటి కప్పు ఒక పక్కకు ఒరిగి, నీళ్ళలోకి జారడం స్లాబు మీద నుంచి అందరూ చూశారు. సీతయ్య కూడా చూశాడు. చాలాసేపటికి, “అన్నం ఉన్నదా?” అని అడిగాడు.

వాగు మర్నాడు తగ్గింది. గుడిసె మళ్ళీ లేచేదాకా వేల్పు స్లాబు మీదే ఉంది, దాని పక్కన సీతయ్య ఉన్నాడు. ఆ ఆదివారాల్లో మందిరం గంట మోగలేదు. పుల్లమ్మ ఇల్లిల్లూ తిరిగి ప్రార్థనకు పిలిచి వచ్చింది. ఆమె డోలి వాయించిందని సంఘంలో ఒకరిద్దరు గొణిగారు. సవరయ్య వాళ్ళతో ఏమన్నాడో తెలియదు. మైకు మాత్రం బాగా తగ్గించి పెట్టాడు. ఎందుకని అడిగితే, “పైన ముసలోడు పండుకున్నడు” అన్నాడు.

కొత్త తాటాకు గుడిసె లేచిన రోజున, సత్తుపల్లి నుంచి తిరిగి వచ్చిన కన్నయ్య డోలి తుడుచుకుంటుండగా, సీతయ్య పుల్లమ్మ వాకిట్లోకి వచ్చాడు. చేతిలో కొత్త బియ్యం చిన్న మూట, చంకలో కోడిపెట్ట.

“ఈ పొద్దు వేల్పును దింపుతున్నం. డోలి కొట్టినోళ్ళకు ఒక పాలు ఉంటది” అన్నాడు.

పుల్లమ్మ ఇబ్బందిగా నిలబడింది. వద్దంటే ఆయన నొచ్చుకుంటాడు. మొక్కినది తీసుకుందామంటే తన మనసు ఒప్పదు.

“భయపడకు. ఇంకా మొక్కలే” అన్నాడు సీతయ్య. “మొక్కినంక మీరు తినరు గదా. అందుకే ముందుగాల నీ పాలు తీసి పెట్టిన.”

ఆమె రెండు చేతులతో మూట అందుకుంది. కోడిని గంప కింద మూసింది.

“అన్నం తిన్నవా అన్నా?”

“యాడ తింట? వేల్పు కుదిరినంకనే. నువ్వు వండుకొని తిను.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఎడమ చెయ్యి ఇంకా నేర్సుకోవాలె నువ్వు. నీళ్ళల ఒక్క చేత్తోనే కానిచ్చినవ్.”

“మళ్ళొచ్చే తుఫానుకు రెండు చేతులతో కొడత తియ్” అంది పుల్లమ్మ.

ఆమె బియ్యం కడిగి పొయ్యి దగ్గర పెట్టుకుంది. పొయ్యి అంటించలేదు. మందిరం పైనుంచి డోలి మోగడం మొదలైంది. చప్పుడు మెట్లు దిగింది, వాకిలి దాటింది, మెరక దిగి పల్లం వైపు సాగింది. దూరం పోతూ, పోతూ, వాగు దగ్గర ఆగింది.

అప్పుడు అగ్గిపుల్ల గీసింది.